టీచర్ గారి కెమెరాకి నేను వేసిన రంగు

నాకు రాయడం కొత్త. ఐదో తరగతితో చదువు ఆగిపోయింది. తప్పులుంటే మన్నించండి.

ఏలూరులో కెమెరాలు బాగుచేసేవాణ్ణి. డిజిటల్ కెమెరాలు వచ్చి పని తగ్గిన రోజుల్లో, నాకు చిన్నప్పుడు అక్షరాలు నేర్పిన టీచర్ గారు మండవల్లి నుంచి ఒక పాత కెమెరా తెచ్చారు. మిషన్ ఆసుపత్రి దొరగారు వెళ్ళిపోతూ టీచర్ గారి నాన్నగారికి ఇచ్చారట. ఆయన అక్కడ కాంపౌండరు.

“నెట్‌లో వేలానికి పెడదామనుకుంటున్నాన్రా. ముందు అసలుదో కాదో నువ్వు చూసి చెప్పు. అబద్ధమాడి అమ్మకూడదు,” అన్నారు.

దాని మీద జర్మనీ కంపెనీ పేరుంది. ఆ కెమెరాలకి అచ్చం అలాగే ఉండే రష్యా నకళ్ళు చాలా ఉన్నాయి. లెన్సు విప్పితే తెలిసిపోతుంది. లోపల చిన్న చక్రం ఉంటే జర్మనీది, రేకు నాలుకలా ఉంటే రష్యాది. ఇందులో చక్రమే ఉంది.

“అసలుదేనండీ,” అన్నాను.

అక్కడితో ఆగాల్సింది. పెళ్ళిళ్ళ సీజనుకి ముందు స్టూడియోల వాళ్ళు తెచ్చిన కెమెరాలకి కొత్త రంగు వేసివ్వడం నా అలవాటు. దీనికీ వేశాను. వేళ్ళు తగిలి నల్లరంగు పోయి, ఇత్తడి బయటపడ్డ చోట్లన్నీ కప్పేశాను. ఆవిడ్ని అడగలేదు. సంతోషిస్తారనుకున్నాను.

వేలానికి ఫొటోలు పెట్టించడానికి ఇద్దరం వెళ్తే, నెట్ సెంటర్ ఆయన చూసి నవ్వాడు. “కెమెరాకి పెళ్ళికళ వచ్చేసిందండీ టీచర్ గారూ!”

“తుడిచావేంట్రా?” అని ఆవిడ నన్నడిగారు.

“ఆఁ, తుడిచానండీ,” అన్నాను.

వేలంలో ఫొటోలు పెట్టిన నాలుగో రోజున బెంగుళూరు నుంచి ఒకాయన మెయిల్ ఇచ్చాడు. నెట్ సెంటర్ ఆయన మా ఇద్దరికీ తెలుగులో చదివి చెప్పాడు. “ఇంత పాతదానికి కొత్త రంగేంటి? రష్యా కెమెరాకి రంగేసి అమ్ముతున్నారు. మీలాంటి మోసగాళ్ళని చాలామందిని చూశాను.”

టీచర్ గారు నా వైపు తిరిగారు. “ఏరా, నువ్వు చూశావు కదా?”

చక్రం ఫొటో తీసి పంపితే ఆయన నోరు మూతపడేది. కానీ రంగు ఎవరు వేశారన్న మాట వస్తుంది. భయపడ్డాను.

“చూశానండీ... నేనే పొరబడ్డానేమో. దొరగారే మీ నాన్నగారికి నకిలీది అంటగట్టారేమోనండీ,” అన్నాను.

ఆవిడ వేలం ఆపేయించి, కెమెరాని చీరకొంగులో చుట్టుకుని బస్సెక్కారు.

మూడు నెలలు ఆ మాట నన్ను తిననివ్వలేదు. చివరికి ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక మండవల్లిలో వాళ్ళింటికి వెళ్ళి అంతా చెప్పేశాను.

“మా నాన్న మోసపోయాడని చెల్లికి కూడా చెప్పేశాన్రా,” అన్నారు.

ఆవిడ లోపలికెళ్ళి కాయితం, పెన్ను తెచ్చి బల్ల మీద పెట్టారు. “కెమెరా అసలుదని, రంగు నువ్వు వేశావని రాయి.”

నిలబడే రాశాను. అక్షరాలు వంకరపోయాయి. కింద సంతకం పెట్టాను. ఆవిడ రెండుసార్లు చదివి మడతపెట్టారు.

“చెల్లికి పంపుతాను,” అన్నారు. “నువ్వింక వెళ్ళు.”

ఎప్పుడెళ్ళినా టీ ఇచ్చే మనిషి, ఆ రోజు కూర్చోమని కూడా అనలేదు.