ఒళ్లు చేసిన తమ్ముడు

మా వైపు ఎవరైనా జబ్బు నుంచి లేచారని చెప్పడానికి ఒక మాట ఉంది: "ఒళ్లు చేసిండు." తమ్ముడి గురించి ఆ మాట వినాలని మా అమ్మ మొక్కని దేవుడు లేడు. స్కిజోఫ్రీనియా వచ్చిన కొత్తలో వాడు అన్నం ముట్టేవాడు కాదు. అందులో ఎవరో ఏదో కలిపారని చెవిలో గొంతులు చెప్పేవట. పుల్లలా అయిపోయాడు. వికారాబాద్‌లో డాక్టరమ్మ రాసిన మందులు పడ్డాక గొంతులు తగ్గాయి, ఆకలి పుట్టింది. పుట్టిన ఆకలి ఇక ఆగలేదు.

తాండూరులో మాది కందిపప్పు దుకాణం. బస్తాలు తూచే కాంటా మీద అమ్మ అప్పుడప్పుడు తమ్ముణ్ణి నిలబెట్టేది. ముల్లు ముందుకు జరిగితే ఆమె ముఖం వెలిగిపోయేది. "బస్తాను దాటిండు నా కొడుకు" అని మురిసిపోయి, వెంటనే దిష్టి తగులుతుందని తూ తూ అనేది. వ్యాపారం చేసే ఇల్లు కదా, బరువు పెరిగితే లాభమే అనుకుంటాం. వాడి పప్పులో నెయ్యి ఎప్పుడూ ఓ గరిటె ఎక్కువే పడేది.

అలాంటివాడికి దుకాణం మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. డాక్టరమ్మ పరీక్షలు చేయించింది. బీపీ ఉంది, షుగర్ కూడా వచ్చింది.

"అందరు తలకాయ సంగతే అడుగుతరమ్మా, గుండె సంగతి అడగరు. గీ మందులతోని ఒళ్లొస్తది. అట్లని మందులు బంద్ చెయ్యొద్దు. తిండి తగ్గియ్యాలె, రోజు నడవాలె" అంది.

కొన్నేళ్ల కిందట మా నాన్న దుకాణంలో గల్లా ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుండె ఆగి పోయాడు. తాండూరు చేరేదాకా అమ్మ బస్సులో ఆ పరీక్షల కాగితాలే తిరగేసింది. నాకు మాత్రం మండింది. అంత జబ్బు నుంచి లాక్కొచ్చుకున్నవాణ్ణి నెయ్యికి అప్పగిస్తామా?

నడవమంటే నడిచే రకమా మా తమ్ముడు? రోడ్డు మీద లారీలవాళ్లు తన గురించే మాట్లాడుకుంటారని వాడి భయం. అందుకే నాపరాళ్ల లారీలు కదలకముందే ఇద్దరం బయల్దేరేవాళ్లం. మొదట్లో చౌరస్తా దాకా వచ్చి వెనక్కి తిరిగేవాడు. నేను తిట్టేదాన్ని. బతిమాలడం నాకు రాదు. అయినా బతిమాలేవాళ్లంటే వాడికి అనుమానం, నా తిట్లనే నమ్మాడు.

కొన్నాళ్లకు చౌరస్తా దాటాడు. ఓ పొద్దున అడిగాను, "చెవుల ఇప్పుడేమంటున్నర్రా?" అని.

"వాపస్ పొమ్మంటున్నరక్కా. జర దూరం పోనీ. వాళ్లకే ఆయాసమొస్తది, సప్పుడు చెయ్యరు."

నడిరోడ్డు మీద పగలబడి నవ్వాను. వాడూ నవ్వాడు. వాడి నవ్వు విని ఎన్నేళ్లయిందో!

గొంతులు పూర్తిగా పోలేదు. మందులు వేసుకుంటూనే ఉన్నాడు, నడుస్తూనే ఉన్నాడు. నా మోకాళ్లు మొరాయిస్తే ఒక్కడే పోవడం మొదలుపెట్టాడు. మొన్న వికారాబాద్‌లో డాక్టరమ్మ షుగర్, బీపీ రెండూ అదుపులోకి వచ్చాయని చెప్పగానే, "అనంతగిరి గుట్ట ఎక్కుదామక్కా" అన్నాడు. సగం దారిలో నేను ఓ బండ మీద కూలబడ్డాను. వాడు పైదాకా పోయి, దిగొచ్చి, నా చేతికి నీళ్ల సీసా ఇచ్చి, నా తిట్లు నాకే అప్పజెప్పాడు.

ఆ వారమే పరిగిలో చుట్టాల పెళ్లి. ఇదివరకు పెళ్లంటే వాడు ఇల్లు కదిలేవాడు కాదు. ఈసారి బంతిలో మా మధ్య కూర్చున్నాడు. వడ్డిస్తున్న మేనత్త వాణ్ణి చూసి చెయ్యి ఆపింది.

"అయ్యో, గింత చిక్కిండేంది వదినె? మంచిగ ఒళ్లు చేసిండనుకున్నం. మల్ల సుస్తయిందా?"

నా నాలుక దురద పెట్టింది. కానీ అమ్మ నాకంటే ముందే అందుకుంది.

"సుస్తా పాడా! మొన్న అనంతగిరి గుట్టెక్కి దిగిండు నా కొడుకు. గీ నోరున్న బిడ్డ సగంల కూలవడ్డది."

బంతి బంతంతా నవ్వింది. తమ్ముడు తల దించుకోలేదు. మేనత్త ముచ్చటపడి వాడి విస్తట్లో రెండు లడ్డూలు వేసింది. అమ్మ వాటిని తీసి తన విస్తట్లో వేసుకుంది.