నామినీగా అత్తయ్య పేరు

నాకు అనుమానం పుట్టుకతోనే వచ్చిందంటుంది మా అమ్మ. హైటెక్ సిటీలో టెస్టింగ్ ఉద్యోగం ఇచ్చినవాళ్లు దానికి జీతం కూడా ఇస్తున్నారు. పనిచేస్తుందని చెప్పిన ప్రతిదాన్నీ నమ్మకుండా ఉండటమే నా పని. ఆ బుద్ధిని గోపన్‌పల్లిలోని మా ఫ్లాటు గుమ్మం దగ్గర చెప్పులతో పాటు విడిచి లోపలికి రమ్మంటే నాకు చేతకాదు.

ఆ శనివారం మా ఆయన, అత్తయ్య బాల్కనీలో గుసగుసలాడుతున్నారు. బట్టలు తీయడానికి నేను వెళ్లగానే ఇద్దరూ ఎదుటి అపార్ట్‌మెంట్ వైపు చూడటం మొదలుపెట్టారు. అక్కడ క్రేను తప్ప చూడటానికి ఏమీ లేదు. కాసేపటికి ఆయన వంటింట్లోకి వచ్చి, "నీ ఆధార్ కార్డు ఒకసారి ఇయ్యి" అన్నాడు.

"ఎందుకండీ?"

"ఇన్సూరెన్సు పనుందిలే."

ఆ పాలసీ సంగతి నాకు తెలుసు. పెళ్లికి ముందు, పన్ను మినహాయింపుకు కాగితాలు ఇవ్వమని ఆఫీసు తొందరపెట్టే రోజుల్లో, క్యాంటీన్ పక్కన బల్ల వేసుక్కూర్చున్న ఏజెంటు దగ్గర కట్టాడు. ఇక్కడి ఆఫీసుల్లో పెళ్లికాని కుర్రాళ్లు చాలామంది అలాగే కడతారు. నామినీ ఎవరనగానే అమ్మ పేరు రాసేస్తారు. పెళ్లయ్యాక బ్యాంకులో, రేషన్ కార్డులో అన్నీ మారుస్తారు గానీ ఇది గుర్తుకు రాదు. మా ఆయనకూ రాలేదు. గుర్తు చేస్తే బాగుండదని నేనూ ఊరుకున్నాను. మొగుడు పోతే వచ్చే డబ్బు గురించి పెళ్లాం ఏ ముఖంతో అడుగుతుంది?

ఇప్పుడేమో ఈ గుసగుసలు, పైగా ఆధార్ కార్డు. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి మాత్రమే. పాలసీనే పూర్తిగా ఇంకొకరి పేరిట రాసిచ్చే పద్ధతి కూడా ఉంది, దానికి సాక్షి సంతకం కావాలి. అంటే అత్తయ్యకు రాసిచ్చి, సాక్షిగా నాచేతే సంతకం పెట్టిస్తారన్నమాట! నాకు ఒళ్లు మండిపోయింది. రోజూ సాయంత్రం ఏడింటికి ఆవిడ గది తలుపు దగ్గరగా వేసుకుని కొడుక్కి చేసే ఫోన్లు కూడా ఇందుకేనని ఖాయం చేసుకున్నాను. ఇన్నేళ్ల కాపురం తర్వాత ఈ ఇంట్లో నేనెవరినో తేలిపోతోందనిపించి ఏడుపొచ్చింది.

ఆయన బయటికి వెళ్లాక అత్తయ్య ఎదురుగా కూర్చున్నాను. ఆవిడది కడప వైపు. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"పాలసీ మీ పేరిట రాయించుకుంటున్నారా అత్తయ్యా?" అని సూటిగానే అడిగాను.

"నా పేరా? నా పేరు తీసెయ్ నాయనా అని ఎన్నేండ్లుగా మొత్తుకుంటాండానో వాన్ని అడుగు. ఇప్పటికి ఒప్పుకున్యాడు. నీ పేరు రాయమంటి."

నా అనుమానం ఇంకా పెరిగింది. చేతిలో ఉన్నదాన్ని ఊరికే ఎవరు వదులుకుంటారు? "ఆయనకేమైనా జబ్బా? నా దగ్గర దాస్తున్నారా?" అన్నాను.

"థూ, అట్ల అనాకు!" అంది ఆవిడ. "నీ పేరు రాసినా మా అని ఆ పొద్దు వాడు నవ్వుకుంటా ఫోన్ చేసినాడు. అదేందిరా అంటే, నాకేమన్నా అయితే నీకు దుడ్లొస్తాయి అన్నె. కొడుకు పోయినాక తల్లి బతికుంటాదని ఎవురన్నా రాస్తారా? అప్పట్నుంచి వాడు ఇల్లు చేరేదాకా నాకు దడే. అందుకే పొద్దు గుంకితే ఫోన్ చేస్తాండా. నీ ముందర చెప్తే అపశకునం మాట్లాడతాదనుకుంటావని చెప్పలే."

"మరి ఇప్పుడు నా పేరు రాస్తే?" అన్నాను.

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఆ సంగతి ఆవిడకు తట్టనే లేదు.

"నువ్వు చదువుకున్నదానివి. నీకట్లాంటి పట్టింపులుండవులే" అంది చిన్నగా, నా వైపు చూడకుండా.

పేరు మారింది. మారినట్టు మెసేజ్ కూడా వచ్చింది. ఆ వారమే ఓ సాయంత్రం ఆయన రావడం ఆలస్యమైంది. గచ్చిబౌలి దగ్గర యాక్సిడెంట్ అయిందని ఎవరో అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టారు. వెంటనే ఫోన్ చేశాను. ఆయన ట్రాఫిక్‌లో ఉన్నాడు, అంతే. కానీ ఆ మర్నాడు ఏడు కాగానే నా చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయింది. ఆ తర్వాత రోజూ అంతే.

"ఏంది, ఈమధ్య రోజూ యాడున్నావని అడుగుతాండావు? నామీద అనుమానమా?" అన్నాడు నిన్న.

"అవును. తొందరగా రండి" అని పెట్టేశాను.

హాల్లో అత్తయ్య, సీరియల్ నడుస్తుండగానే, సోఫాలో హాయిగా నిద్రపోతోంది.