పికప్ లాగగలిగే బరువు

మా అర్బాబ్ ఆ కారవాన్ కొని పంపించిన రోజు మా తోట గేటు దానికి చాలలేదు. గేటు పక్క గోడ కొంచెం పడగొట్టి లోపలికి తోయించాం. కారవాన్ అంటే చక్రాల మీద ఇల్లే. రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు, లోపల రెండు గదులు, పొయ్యి, బాత్రూము, నెత్తిన ఏసీ. మస్కట్‌లో ఎవరో దేశం విడిచి వెళ్తూ అమ్మేసిన బండి. దాన్ని తెచ్చి దించిన లారీవాడు తాళాలు నా చేతిలో పెట్టి, చెట్టుకింద ఉన్న మా పికప్‌ని ఎగాదిగా చూసి, నవ్వుకుంటూ పోయాడు. నాకు ఒళ్ళు మండింది. వాడెందుకు నవ్వాడో తెలుసు కాబట్టే ఇంకా మండింది.

నేను బర్కాలో ఈ ఖర్జూరం తోటకి డ్రైవర్ని. అర్బాబ్ అంటే యజమాని. ఆయన కుటుంబం మస్కట్‌లో ఉంటుంది, శుక్రవారాలు మాత్రం తోటకొస్తారు. మిగతా ఆరు రోజులూ ఇక్కడ నేను, ఇద్దరు బంగ్లాదేశ్ పనివాళ్ళు. మంచివాళ్ళే. వాళ్ళతో హిందీ, అర్బాబ్‌తో సగం హిందీ సగం అరబ్బీ, దుకాణం మలయాళీతో మళ్ళీ హిందీ. రోజంతా మాట్లాడుతూనే ఉంటాను, అందులో నాది అనిపించే మాట ఒక్కటీ ఉండదు. ఇంటికి ఫోన్ చేసుకోవచ్చు కదా అంటారు. చేస్తాను, రోజూ చేస్తాను. "తిన్నావా?" "తిన్నా." "ఎండగా ఉందా?" "ఉంది." అక్కడితో మాటలైపోతాయి. ఫోన్లో బాగోగులు చెప్పుకోవచ్చుగానీ ఊరికే వాగడం కుదరదు. దానికి మనిషి ఎదురుగా ఉండాలి.

శుక్రవారం వాళ్ళతోపాటు వంటమనిషి ఒకావిడ వచ్చేది. గోదావరి జిల్లా, అమలాపురం పక్క పల్లె. నాది ప్రొద్దుటూరు పక్క. నన్ను అన్నయ్యా అనేది, నేను అమ్మాయ్ అనేవాణ్ణి. వేరే ఊహలేమీ పెట్టుకోకండి. నాకు పెళ్ళయి పదిహేనేళ్ళు, ఆవిడకి ఇద్దరు పిల్లలు. వచ్చినప్పటి నుంచీ ఆవిడ వంటింట్లోనే మునిగి ఉండేది. సాయంత్రం కారులోకి గిన్నెలు ఎక్కించేటప్పుడు మహా అయితే పది నిమిషాలు దొరికేది. ఆ పది నిమిషాల్లో ఏం మాట్లాడాలో నేను మంగళవారం నుంచే పోగేసుకునేవాణ్ణి. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా నిజం అదే.

చలికాలం సెలవుల్లో కుటుంబమంతా సూర్ వైపు సముద్రం ఒడ్డున పదిరోజులు మకాం వెయ్యాలని అర్బాబ్ ఆలోచన. కారవాన్‌ని మా పికప్ లాగాలి. ముందు సీట్లో నేను, వెనక సీట్లో ఆయన పిల్లలు ముగ్గురు, వాళ్ళని చూసుకోవడానికి ఆ వంటావిడ. అర్బాబ్, మేడమ్ వేరే కారులో వస్తారు. ఇదంతా చెప్పి ఆయన నన్ను అడిగాడు. "యే గాడీ ఖీంచేగా? నహీ తో మేరా చాచాకా బడా గాడీ హై, ఉస్కా డ్రైవర్ ఆయేగా." ఈ బండి లాగుతుందా, లేకపోతే మా బాబాయిది పెద్ద బండి ఉంది, దాని డ్రైవరు వస్తాడు అని. అంటే పికప్ లాగితే నేను వెళ్తాను. లాగకపోతే తోటలో ఉంటాను.

పదిరోజులు! పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా తెలుగు మాట. "మాఫీ ముష్కిల్, అర్బాబ్" అనేశాను. ఏ ఇబ్బందీ లేదని. గల్ఫ్‌కొచ్చిన వాళ్ళకి మొట్టమొదట నోటికి పట్టే మాట అదే. యజమాని కొండని మొయ్యమన్నా ముందు ఆ మాట అనేస్తాం, కొండ ఎంత ఉందో తరవాత చూసుకుంటాం.

తరవాత చూసుకున్నాను. బండితో వచ్చిన పుస్తకంలో, మా పికప్ వెనక తగిలించి లాగగలిగే బరువు రెండువేల ఐదువందల కిలోలని ఉంది. కారవాన్ తలుపు పక్కన రేకు మీద ఖాళీ బరువు రెండువేల రెండువందల యాభై. ఇంకా రెండువందల యాభై మిగిలింది కదా, లాగుతుంది కదా అనిపిస్తుంది. అక్కడే మోసం. ఖాళీ కారవాన్‌ని సముద్రానికి ఎవడు తీసుకెళ్తాడు? నేను ఊళ్ళో పన్నెండేళ్ళు ట్రాక్టరు తోలినవాణ్ణి. లాగడం ఒక లెక్క, ఆపడం ఇంకో లెక్క. చదునునేల మీద ఎంత బరువైనా ఏడుస్తూనో మూలుగుతూనో వెనకాల వస్తుంది. దిగుడులో మాత్రం వెనకున్నది ముందున్నదాన్ని నెడుతుంది, బ్రేకు ఎంత తొక్కినా వినదు. బరువు తోకవైపు పడిందా, ట్రాలీ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది, ఊగి ఊగి ముందు బండిని కూడా తిప్పేస్తుంది. సూర్ వెళ్ళాలంటే అమెరాత్ దాటాక ఖురియాత్ దాకా కొండల్లో ఎక్కుడు దిగుడు దారి.

సామానంతా తూచి చూద్దామని అర్బాబ్‌కి చెప్పాను. ఖర్జూరం కోతలప్పుడు బుట్టలు తూచే కాటా ఒకటి షెడ్డులో ఉంది, దాన్ని కారవాన్ పక్కకి తెచ్చి పెట్టాను. మేడమ్, పిల్లలు, వాళ్ళతోపాటు వంటావిడ నాలుగు రోజుల ముందే తోటకొచ్చేశారు. ఏమేం తీసుకెళ్ళాలో మేడమ్ చెప్పడం, వంటావిడ మోసుకొచ్చి కాటా మీద పెట్టి ముల్లు చూసి చెప్పడం, నేను నోటుబుక్కులో రాసుకోవడం.

"తివాచీలండి, మూడూ కలిపి తొంభై."

"తొంభయ్యా? ఇంగోసారి చూడు."

"అమ్మో, నేను కూడా అంత ఉండనండీ బాబూ."

"నువ్వు ఎక్కు, చూస్తాం."

"ఆయ్, ఎక్కను. ఎక్కితే ఆ పుస్తకంలో రాసేస్తారు మీరు."

ఆ నాలుగు రోజులూ నేను బతికినట్టు బతికాను. ముప్పావుగంటలో అయిపోయే పనిని పూటంతా చేశాను. గిన్నెలు ఒకసారి, మూతలు ఒకసారి. చివరికి ఒక గరిటె కూడా కాటా మీద పెట్టించాను, ముల్లు కదల్లేదు. "ఉప్పుడబ్బా కూడా తూచాలాండీ అన్నయ్యా?" అని ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని అడిగితే, "లెక్కంటే లెక్కే" అన్నాను. మా రాగిసంగటి మీద పెద్ద గొడవే పడ్డాం. అది అసలెలా నములుతారండీ అంటుంది. నమిలేది కాదు మింగేది అంటాను. అయితే అది మందా అంటుంది. ఎన్నాళ్ళకో కడుపుబ్బ నవ్వాను. మేడమ్ గుమ్మంలోకొచ్చి, ఏమైందీ మనిషికి అన్నట్టు చూసి వెళ్ళింది.

నాలుగో రోజు కూడిక వేశాను. కారవాన్ తొట్టిలో పట్టే నీళ్ళతో కలిపి సామాను ఆరువందల పది కిలోలు. తొట్టిలో నీళ్ళు అక్కడికి వెళ్ళాక పట్టుకుందామని నూటయాభై తీసేశాను. అయినా నాలుగువందల అరవై. రెండువందల పది ఎక్కువ. మేడమ్ ఒక్క దిండు కూడా వదలనంది. కొంత పికప్ వెనక వేద్దామంటే అక్కడ అప్పటికే డేరాలూ కట్టెలూ ఉన్నాయి, అయినా ఒక భుజం మీది బరువు ఇంకో భుజం మీదికి మార్చుకుంటే మోసేవాడికి తగ్గేదేముంది?

ఇక అప్పుడు నా బుద్ధి గడ్డి తింది. జనరేటరు అరవైరెండు కిలోలని రాసినదాన్ని నలభైరెండు చేశాను. తివాచీలు తొంభైని యాభై చేశాను. మాంసం పెట్టె, కుర్చీలు, గ్యాసు, ఒక్కోదాని మీదా కొంచెం కొంచెం కోసుకుంటూ వచ్చాను. చివరికి మొత్తం రెండువేల నాలుగువందల తొంభై అయిదుకి వచ్చింది. ఇంకా అయిదు కిలోలు మిగిలాయి చూశావా అని నాకు నేనే చెప్పుకున్నాను కూడా. ఛీ.

మర్నాడు పొద్దున్నే ఆవిడ టీ పట్టుకొచ్చి, కాటా మీద పడి ఉన్న నోటుబుక్కు తీసి చూసింది. నేను రాసింది తెలుగులోనే కదా.

"అన్నయ్యా, జనరేటరు అరవైరెండని నేనే చెప్పాను కదండీ. ఇక్కడ నలభైరెండు ఉందేంటి?"

"ముందు తప్పు పడింది. మళ్ళీ తూచినా."

"ఎప్పుడు తూచారు? అది ఇద్దరం పడితేగానీ లేవదు కదండీ."

ఆవిడ పేజీ తిప్పి తివాచీల దగ్గర వేలు పెట్టింది. మాంసం పెట్టె దగ్గర పెట్టింది. ఆ తరవాత పుస్తకం మూసేసింది.

"నాకీ బరువులూ అవీ తెలీవండి. చిన్నపిల్ల నా ఒళ్ళోంచి దిగదు. మీరు పర్లేదంటే ఎక్కి కూచుంటాను. చెప్పండి, పర్లేదా?"

అర్బాబ్‌కైతే మాఫీ ముష్కిల్ అని క్షణంలో చెప్పాను. ఈవిడకి ఆ మాట చెప్పలేకపోయాను. "లాగదమ్మాయ్. దిగుడులో నిలబడదు" అన్నాను.

"మరెందుకు రాశారండీ?"

"లాగదంటే వేరే డ్రైవరు వస్తాడు. నేను ఈడ్నే ఉండాల. పదిదినాలు మనిషి మాదిరి మాట్లాడుకోవచ్చు అనుకుంటి."

"నేనూ అదే అనుకున్నానండి. ఆ ఇంట్లో నాతో మాట్లాడే దిక్కెవరున్నారు? అయినా పిల్లలతో చెలగాటం వద్దన్నయ్యా. చెప్పెయ్యండి" అంది. కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. టీ అక్కడే చల్లారిపోయింది.

వెంటనే మస్కట్‌కి ఫోన్ చేసి అర్బాబ్‌కి అసలు లెక్క చెప్పాను, దిద్దిన సంగతి కూడా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన, నా పిల్లల ప్రాణం కాపాడావు అన్నాడు. బాబాయి బండి తెప్పిస్తానన్నాడు. సాయంత్రం వచ్చాక మేడమ్‌తో నా ఎదురుగానే, ఇలాంటివాడి చేతిలో తోట పెట్టి నిశ్చింతగా వెళ్ళొచ్చు అన్నాడు. తల ఊపి వచ్చేశాను. మెప్పుదల అంత చేదుగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

బయల్దేరే రోజు తెల్లవారగానే ఆ పెద్ద బండి వచ్చింది. దాని టైర్లు నా నడుందాకా ఉన్నాయి. లాగే బరువు మా పికప్‌కి రెట్టింపు. దిగిన డ్రైవరు నా ఈడువాడే, నెత్తిన తెల్ల టోపీ, నవ్వు మొహం. "సలామ్ భాయ్" అన్నాడు. నాకు అతని మొహం చూడబుద్ధి కాలేదు. నేను కూర్చోవాల్సిన చోట కూర్చోబోయేవాడు కదా. "కారవాన్ ఉధర్ హై" అని చెయ్యి చూపించి పక్కకి తిరిగాను.

గంటన్నర ఇద్దరం కలిసి పనిచేశాం. కారవాన్ మూతిని బండి వెనకున్న గుండు మీద కూర్చోబెట్టాం, గొలుసులు తగిలించాం, లైట్ల వైరు కలిపాం. బరువంతా ఇరుసుల మీదికి వచ్చేలా లోపల సామాను సర్దాం. పనిమంతుడు. తివాచీలు తోకవైపు పెడుతుంటే "ఉధర్ నక్కో భాయ్" అన్నాడు, అక్కడొద్దని. నక్కో అనేవాళ్ళు ఎక్కడివాళ్ళో ఎవరికైనా తెలుస్తుంది, మా ప్రొద్దుటూరు సందుల్లో చిన్నప్పటి నుంచీ విన్న మాటే. ఆ వేళ నా చెవులు పనిచేస్తే కదా! ఏదో అడుగుతూనే ఉన్నాడు, ఎన్నేళ్ళయింది, తోటలో ఎంతమంది అని. హా, నహీ అని తుంచేశాను. టీ తాగుతావా అని మర్యాదకైనా అడగలేదు.

అందరూ ఎక్కారు. ఆవిడ పిల్లల్ని వెనక సీట్లో సర్ది, కిటికీలోంచి తల బయటపెట్టి, "వెళ్ళొస్తానన్నయ్యా. పప్పు వండి పెట్టాను, వేడి చేసుకుని తినండి. జాగ్రత్తండి" అంది.

స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషి గిర్రున వెనక్కి తిరిగాడు. ఆవిడని చూశాడు, నన్ను చూశాడు.

"ఏందీ, మీరు తెలుగోళ్ళా? మాది కడపబ్బా! ఇంతసేపు హిందీలో సంపితివే నన్ను! నీది యా ఊరన్నా?"

"ప్రొద్దుటూరు" అన్నాను.

"యా అల్లా! మా అక్కనిచ్చింది ఆడికే కదన్నా! నేనీడ్నే సువైక్‌లో ఉండా, తొమ్మిదేండ్లాయ."

సువైక్‌కి ఇక్కణ్ణుంచి గంట దారి కూడా లేదు. "వచ్చినాక ఒకసారి రా, తప్పకుండా రా" అన్నాను, తలుపు పట్టుకుని.

"యాడన్నా! ఈ డ్యూటీనే కడాది. అట్నుంచి వస్తానే వీసా క్యాన్సిల్ చేసుకోని ఇంటికి పోతాండా, ఇంగ రాను."

ముందు కారులోంచి అర్బాబ్ హారన్ కొట్టాడు. "యల్లా!" అని తొందరపెట్టాడు. బండి కదిలింది, వెనకాల ఆ ఇల్లంత కారవాన్ పడగొట్టిన గోడ పక్కనుంచి మెల్లగా బయటికి పాకింది. నేను పక్కన పరుగెత్తాను. అడగాల్సినవి నూరున్నాయి, నోట్లోంచి వచ్చింది మాత్రం డ్రైవరు మాటే.

"ఖురియాత్ దిగుట్లో బ్రేకు మీదనే ఉండొద్దన్నా! గేర్లో దించు!"

చెయ్యి బయటపెట్టి ఊపాడు. ఆవిడ అతనితో ఏదో అంది, ఇద్దరూ నవ్వారు. రోడ్డు మలుపు దాకా కనపడ్డారు.

గోడ దగ్గర రాళ్ళ మీద కూలబడి ఏడ్చాను, దాచేదేముంది. పదిరోజులు పోయాయని కాదు. మా కడప మనిషి గంటన్నర నా పక్కన నిలబడి పలకరిస్తూనే ఉంటే, నేనే మొహం తిప్పుకున్నాను.