బాపమ్మ తన వయసు పెంచుకున్న రోజు

మా బాపమ్మ పేరు చంద్రభాగ. షోలాపూర్ భవాని పేట్‌లోని మా సందులో బీడీలు చుట్టే ఆడవాళ్ళలో ఆమెదే చురుకైన చెయ్యి అని అందరూ ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్ళను ఆమే ఒప్పిస్తుంది. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, కత్తిరించిన తునికాకు. పొద్దున టీ తాగి గోడకు ఆనుకుందంటే మళ్ళీ లేచేది అన్నానికే. నలభై ఏళ్ళుగా ఇదే వరస. ఆమె కూర్చునే చోట గోడ సున్నం ఆమె వీపంత మేర అరిగిపోయింది.

ఇంతగా కూర్చునే మనిషి ఏడాదికి ఒక్కసారి మాత్రం నడుస్తుంది. దసరా వెళ్ళాక వచ్చే కోజాగిరి పున్నమికి షోలాపూర్ నుంచి తుల్జాపూర్ అమ్మవారి దాకా నలభై ఐదు కిలోమీటర్లు, చెప్పులు లేకుండా. మిగిలిన రోజులన్నీ ఆ నడక గురించి మాట్లాడుతుంది.

ఈ ఏడాది దానికి అడ్డం పడింది పక్కింటి పార్వతీబాయి. పాపం, ఆమె చేసిందేమీ లేదు. నీళ్ళ బిందె ఎత్తబోయి నడుము పట్టుకుని కూలబడింది. ఎక్స్‌రే ఫోటో తీస్తే వెన్నుపూస ఒకటి నలిగిపోయి ఉంది. జారలేదు, దెబ్బ తగల్లేదు, ఎత్తింది బిందె ఒక్కటే. ఆ రోజు నుంచి మా నాన్న బాపమ్మను గాజు గ్లాసును చూసినట్టు చూడసాగాడు.

“ఈసారి తుల్జాపూర్‌కు బస్సుల పో అవ్వా,” అన్నాడు.

“బస్సుల పోతే మొక్కు నాదైతదా, డ్రైవర్‌దైతదా?”

“పార్వతీ మావశిని చూస్తలేవా?”

“దానికి పెండ్లినాటి నుంచే నడుము నొప్పి.”

రెండు రోజులు ఇలాగే సాగి చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఎముకలు పరీక్ష చేయించాలి. డాక్టర్ సరేనంటే నడక, కాదంటే బస్సు. తనే గెలుస్తానన్న ధీమాతో బాపమ్మ తల ఊపింది.

కొంతం చౌక్ దగ్గరి పరీక్షల కేంద్రానికి ముగ్గురం వెళ్ళాం. బాపమ్మ, సిద్ధరాములు తాత, నేను. తాత పవర్‌లూమ్ మీద టవళ్ళు నేస్తాడు. మేము సాంచాలనే ఆ మగ్గాల చప్పుడుకు ఆయన చెవులు సగం పోయాయి. తనకు కావలసిన మాటలు మాత్రం మిగిలిన సగంతో బాగానే వింటాడు.

బల్ల దగ్గరి అమ్మాయి వయసు అడిగింది.

“యాభై ఎనిమిది,” అంది బాపమ్మ. నాకు తెలిసి ఐదేళ్ళుగా ఆమెకు యాభై ఎనిమిదే.

“ఆధార్ మీద అరవై రెండుంది ఆజీ,” అంది, మరాఠీలో బామ్మను పిలిచినట్టు.

“అది రాసినోడు నన్ను ఎండల నిలబెట్టి చూసి రాసిండు.”

అమ్మాయి అరవై రెండే రాసుకుంది.

మొదటి మిషన్ తూకం మిషన్‌లా ఉంటుంది. ఉత్త కాళ్ళతో దాని మీద నిలబడి రెండు చేతులతో పిడులు పట్టుకోవాలి. ఒంట్లో కొవ్వెంత, కండెంత, ఏ చేతిలో ఎంత, ఏ కాలిలో ఎంత అని విడివిడిగా చెబుతుంది. ఎక్కేముందు ఒంటి మీది లోహం తీసెయ్యాలన్నారు. బాపమ్మ మెట్టెల వంక, తాత వంక చూసింది.

“నువ్వు బతికుండంగనే మెట్టెలు తియ్యాల్నట.”

“తియ్. నేనీడనే ఉన్న, ఎటు పోత?” అని తాత అరచెయ్యి చాపాడు. ఆమె దిగేదాకా వాటిని పిడికిట్లో పట్టుకుని నిలబడ్డాడు.

రెండోది ఎముకల మిషన్. బల్ల మీద పడుకుంటే పైనుంచి ఒక చెయ్యిలాంటిది మెల్లగా జరుగుతూ వెన్నునూ తుంటినీ చూస్తుంది. ఐదు నిమిషాల పని. మూడో నిమిషానికే గురక వినిపించింది.

డాక్టర్ నమ్రత వయసులో నాకంటే ఎంతో పెద్దది కాదు. ఆమెదీ షోలాపూర్‌లో స్థిరపడ్డ మా తెలుగు వాళ్ళ ఇల్లే, మాట సగం తెలుగు సగం మరాఠీ. కాగితాలు ముందేసుకుని అంది: “ఆజీ, మీ చేతులల్ల కండ మస్తుంది. కాళ్ళల్ల తక్కువుంది. కూసొని చేసే పనా?”

బాపమ్మ నా వైపు తిరిగింది. “నువ్వు చెప్పినవా?”

“నేనెక్కడ చెప్పిన? మిషన్ చెప్పింది.”

“చాడీలు చెప్పెతందుకు మిషన్ పెట్టిండ్రా?”

ఇక ఎముకలు. కాగితం మీద మైనస్ రెండు పాయింట్ ఒకటి అని ఉంది. పన్నెండో తరగతి గణితం దగ్గర బడి మానేసిన నాకు మైనస్‌తో పాత పగ. సున్నా కంటే తక్కువని చెప్పాను. “సున్నంటేనే ఏం లేదు గదా. ఏం లేనిదానికంటే తక్కువ ఎట్లుంటది?” అంది బాపమ్మ. మా సారును నేనూ ఇదే అడిగి తరగతి బయట నిలబడ్డాను.

“ముప్పై ఏండ్ల ఆడమనిషి ఎముకను సున్నా అనుకుంటం ఆజీ. మీ ఎముక దానికంటే ఎంత పలచగ ఉందో చూస్తం,” అంది డాక్టర్.

“ఎవరా పోరి?”

“ఒక్కరు కాదు, చాలామందిని చూసి తీసిన లెక్క.”

“అండ్ల ఒక్కదాన్నన్న పిలువు. నలుగురిని కని, దినాం వెయ్యి బీడీలు చుట్టి, అప్పుడు నా పక్కన పండుకోమను.”

తాత వెన్ను బొమ్మను కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాడు. “పోగులు పలచగ పడ్డయ్,” అన్నాడు.

బాపమ్మ మొహం చూసి డాక్టర్‌కు జాలేసినట్టుంది. “ఇంకో మార్కు కూడ ఉంటది. మీ వయసోళ్ళతోని పోల్చి చూసేది. అరవై రెండుకు కొంచెమే తక్కువుంది.”

“వయసెక్కువుంటే ఆ మార్కు పెరుగుతదా?”

“పెరుగుతది.”

“అయితే అరవై ఆరు రాయి.”

డాక్టర్ కాగితంలోంచి తల ఎత్తింది. బాపమ్మ ఆగకుండా చెప్పింది. “డెబ్బై రెండో సంవత్సరం కరువుల మా అవ్వతోని కంకర కొట్టవోయిన. అప్పుడు నాకు పదమూడు. అబద్ధమైతే లెక్కేసుకో. చాలకుంటే డెబ్బై రాసుకో బిడ్డా.”

తాత చెవులు ఆ పూట రెండూ పనిచేశాయి. “అరవై ఆరా? నాకు అరవై నాలుగు. పెండ్లప్పుడు నాకంటే మూడేండ్లు చిన్నదన్నరు.”

“అన్నది మా నాయిన. పోయి ఆయన్నే అడుగు.” ఆయన పోయి ముప్పై ఏళ్ళయింది.

డాక్టర్ నవ్వు ఆపుకుని అరవై ఆరని దిద్దింది. “మార్కు పెరిగితే ఎముక గట్టిపడదు ఆజీ. పైగా వయసెక్కువైతే విరిగే భయం ఎక్కువ. నిజం చెప్పుడు మంచిదైంది. ఎముక పలచబడ్డది, గుల్లబారేదాక రాలే. మీరు చెప్పిన పార్వతీబాయికి విరిగినంక తెలిసింది, మీకు ముందే తెలిసింది. ఈ పరీక్ష అందుకే.”

“గదంత సరే. నడకా, బస్సా?”

డాక్టర్ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఎదమీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమంది. మూడుసార్లు లేచింది. నాలుగోసారి ఆమె చెయ్యి ఆసరా కోసం గోడను వెతుక్కుంది. అప్పటిదాకా నవ్వుతున్న నేను నవ్వడం మానేశాను.

“నడక మంచిదే, పడుడే మంచిది కాదు. పున్నమికి ఎనిమిది వారాలుంది. మాత్రలు, పొద్దటి ఎండ, ఈ కుర్చీ సాధన. వంగి బిందెలు ఎత్తొద్దు. ఐదుసార్లు పదిహేను సెకన్లల్ల లేస్తే సగం దారి నడువుండ్రి.”

“సగం మొక్కు ఎక్కడన్న ఉంటదా?”

“ముందుగాల సగం నేను నడుస్త, ఆడిదాక నువ్వు బస్సుల రా,” అన్నాడు తాత. ఆయన ఎన్నడూ తుల్జాపూర్‌కు నడవలేదు. బాపమ్మ ఆయన్ను ఎగాదిగా చూసి సరేనంది.

ఇంటికొచ్చాక సాధన రెండు రోజులు గుర్తుంది, మూడో రోజు మరిచిపోయింది. నేను గుర్తుచేస్తే తిట్టింది. తర్వాత తనే ఒక పద్ధతి కనిపెట్టింది. ఇరవై ఐదు బీడీలకు ఒక కట్ట. కట్ట కట్టినప్పుడల్లా చాట పక్కన పెట్టి, పీట మీద కూర్చుని ఒకసారి లేవాలి. వెయ్యి బీడీలంటే నలభై కట్టలు, నలభై లేవడాలు. మొదట్లో కాళ్ళు పీకాయి. లేవడం బద్ధకించి ఇరవై నాలుగు దగ్గరే ఆపేసిన కట్టలను నేను పట్టుకున్నాను. “ఇరవై ఐదోదేది బాపమ్మా?” అంటే నా మీద చాట ఎత్తేది. నెల తిరిగేసరికి చెయ్యి గోడను వెతకడం మానేసింది.

ఎనిమిదో వారం డాక్టర్ గడియారం పట్టుకుంది. ఐదుసార్లకు పదమూడు సెకన్లు. ఆరోసారి ఎవరూ అడగకుండానే లేచింది.

పున్నమి మర్నాడు పొద్దున తుల్జాపూర్ నుంచి ఫోన్ వచ్చింది. నాన్న స్పీకర్ పెట్టాడు.

“చేరినం,” అంది బాపమ్మ.

“కాళ్ళెట్లున్నయ్ అవ్వా?”

“నావి మంచిగనే ఉన్నయ్. మీ బాపు సగం దాకా నడిచిండు. ఇగ బస్సెక్కమంటే ఎక్కలే, నా వెంబడే వచ్చిండు. అరికాళ్ళంత బొబ్బలు. గుడి మెట్ల మీద కూసున్నడు, లెమ్మంటే లేస్తలేడు. బండి తీస్కొని రా.”

వెనకనుంచి తాత గొంతు వినిపించింది. “ఒక్క నిమిషం ఆగుమను. లేస్త.”