కుప్పంలో ఒక కార్తీక సోమవారం

పుంగనూరు బజారులో కిరాణా కొట్టు శ్రీరాములు కూతురు మాలతికి ప్రశ్నలు ఎక్కువ. కొట్టుకు వచ్చినవాళ్లను సరుకు కన్నా ముందు వాళ్లింటి సంగతులు అడిగేది. అలాంటి పిల్ల, మదనపల్లెలో డిగ్రీ చదువుతూ, వేరు వేరు మతాల పిల్లలు ఒకరింట్లో ఒకరు కొన్నాళ్లు ఉండి వచ్చే యువజన కార్యక్రమంలో పేరివ్వకుండా ఉంటుందా? అక్కడే కుప్పం అమ్మాయి షంషాద్ స్నేహమైంది, కొన్నాళ్లు వాళ్లింట్లో ఉండి రావడం ఖాయమైంది.

"ఆ ఇంట్లో ఎవురి మనసైనా నొచ్చిందంటే మరుసటి బస్సుకే వచ్చేయాల. మళ్లా ఈ తిరుగుళ్లు ఉండవు," అని తండ్రి గట్టిగా చెప్పి పంపాడు.

2003లో రంజాన్, కార్తీకం కలిసి వచ్చాయి. మాలతి వెళ్లింది సోమవారం నాడు. తనూ ఒక్కపొద్దు, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. రంజాన్ నెలలో ఆ ఇంట్లో మధ్యాహ్నం వంట చేసేదెవరు, చెప్పడమెందుకు అనుకుంది. షంషాద్ తల్లి మహబూబ్‌బీని మాత్రం ప్రశ్నలతో చుట్టేసింది. తెల్లవారుజామున ఏం తింటారు, దాహమెలా ఆపుకుంటారు, పిల్లలు ఏ వయసులో మొదలుపెడతారు? ఆమె నవ్వుతూనే అన్నీ చెప్పింది.

మధ్యాహ్నం కొత్త గిన్నెల్లో అన్నం, అనపగింజల కూర తెచ్చి మాలతి ముందు పెట్టింది.

"నేనూ ఒక్కపొద్దేనమ్మా. కార్తీక సోమవారం గదా," అంది మాలతి బిక్కమొహంతో.

"ఇంతసేపూ లేంది ఇప్పుడు చెప్తాండావే! మా ఇంట్లో తినేదానికి మనసు రాలేదంటే ఆ మాటే చెప్పమ్మా. నీ కోసరమనే కొత్త గిన్నెలు తెచ్చినా."

గిన్నెలు మూసేసి మహబూబ్‌బీ లోపలికి వెళ్లిపోయింది. మాలతికి ఏడుపొచ్చింది. అన్నీ అడిగిన నోటికి చెప్పాల్సిన ఒక్క మాట చెప్పాలని తోచలేదు. సంచి సర్దుకుందామా అనిపించింది.

సాయంత్రం అజాన్ వినిపించగానే ఇంట్లో వాళ్లు ఖర్జూరాలు తిని నీళ్లు తాగారు. మాలతి వాకిట్లో తల పైకెత్తి నిలబడింది. మహబూబ్‌బీ గడపలోంచి కాసేపు చూసింది.

"ఏం సూస్తాండావు?"

"చుక్క కనపడితేనే తినాలమ్మా."

"మబ్బు పట్టుండాదే! కనపడకపోతే?"

"కనపడేదాకా ఉండాల."

మహబూబ్‌బీ చెప్పులేసుకుని పక్కకొచ్చి తనూ ఆకాశం వెతకసాగింది. ఈసారి ప్రశ్నలు ఆమెవి. ఏ చుక్కైనా సరేనా, ఒక్కటి చాలా? చివరికి మబ్బు సందులో చుక్కను ముందు చూసింది కూడా ఆమే. చిన్నపిల్లలా కేకేసింది.

మధ్యాహ్నం మూసిన గిన్నెలే మళ్లీ తెచ్చి వడ్డించింది. మొదటి ముద్దకే మాలతి ఆగిపోయింది.

"యాల ఆపినావు?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "కూరలో ఉప్పు లేదమ్మా."

మహబూబ్‌బీ పగలబడి నవ్వింది. "ఒక్కపొద్దుతో రుచి యాడ సూసేది? రేపు నీకు ఒక్కపొద్దు లేదు గదా. పొయ్యి కాడ నువ్వుండి ఉప్పు సూడు."