ఓబులేసు సార్ రాయని కారణం

పెనుకొండ దగ్గరి మా ఫ్యాక్టరీలో ఎర్రగా కాలిన ఇనప ముక్కలు నూనె తొట్టిలో మునగగానే ఘాటైన వాసన లేస్తుంది. కొత్తగా చేరిన ఇంజనీర్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం హిందూపురంలోని నా మొదటి ఉద్యోగం, అక్కడి సరుకు పరీక్షల గదిని చూసుకునే ఓబులేసు సార్ గుర్తుకొస్తారు.

మెటీరియల్స్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, ట్రాక్టర్ విడిభాగాలు చేసే ఆ చిన్న ఫ్యాక్టరీలో చేరినప్పుడు నాకు పెద్ద లక్ష్యమేమీ లేదు. ఏడాది అనుభవం చూపించుకుని, నా తోటివాళ్లలాగే బెంగళూరులో సాఫ్ట్‌వేర్‌కు వెళ్లిపోదామనుకున్నాను. సార్‌ది కనగానపల్లి. డిప్లొమా చదివిన మనిషి. విరిగిన ముక్క ఏది తెచ్చినా, యంత్రం దగ్గరికి వెళ్లకముందు కిటికీ వెలుగులో చాలాసేపు తిప్పి తిప్పి చూసేవారు.

ఒక సాయంత్రం, ట్రాక్టర్‌కు ట్రాలీని తగిలించే పిన్నుల గట్టిదనం పరీక్షిస్తున్నాను. నాలుగోది మెత్తగా చూపించింది. నేనే యంత్రంలో సరిగా పెట్టలేదనుకున్నాను. రొద్దం బస్సుకు టైమవుతోంది. మళ్లీ చూడకుండా పాస్ చేసి సంతకం పెట్టేశాను. బస్సులో ఇంటికి చేరేదాకా అదే ఆలోచన. పొద్దున్నే సార్‌కు చెప్పాను. ఆయన గేటు దగ్గరికి పరుగెత్తి, సరుకుతో బయల్దేరబోతున్న లారీని ఆపించారు.

"పాస్ చేసిందెవరు?" అని మేనేజర్ అరిచాడు.

"నేనే సార్," అన్నాను. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను.

"తప్పుందని వచ్చి చెప్పిందీ ఆ పాపే," అన్నారు ఓబులేసు సార్. "ట్రాలీలో కూలోళ్లు కూర్చోనుంటారు సార్. సరుకు దించమనండి."

దించి చూస్తే, కొలిమిలో ఒకేసారి కాల్చిన ఒక బుట్టెడు పిన్నులు మెత్తగానే ఉన్నాయి. మూడు రోజులు ఇద్దరం కారణం వెతికాం. చివరికి ఆయన రిపోర్టులో 'కారణం తెలియలేదు' అని రాసి సంతకం చేశారు.

"నూనె వేడెక్కి సరిగా గట్టిపడలేదని రాస్తే సరిపోతుంది కదా సార్?"

"తెలీనిదాన్ని తెలిసినట్టు రాస్తే ఇంగ ఎవురూ ఎతకరమ్మా. మెత్తగుండాదని నేను చెప్పగలను. ఎందుకట్లుండాదో చెప్పే చదువు నాకు లేదు. నువ్వు ఆడిదాకా చదువుకో."

నన్ను ఎం.టెక్ చదివించమని అడగడానికి ఆ ఆదివారం ఆయన మా ఊరు రొద్దం వచ్చారు. నాయన చేనులో వేరుశనగ పెరికిస్తున్నాడు.

"సాఫ్ట్‌వేర్‌కు పోతే మంచి జీతమొస్తాది గదా సార్. మళ్లా ఈ ఇనుము చదువేల?" అన్నాడు.

"మీ ట్రాలీ పిన్ను ఎప్పుడన్నా ఇరిగిందా అన్నా?"

"పోయినేడు ఇరిగింది. ట్రాలీ ఖాళీగా ఉండె కాబట్టి సరిపోయింది."

"ఎందుకిరిగిందో ఎవురన్నా చెప్పినారా?"

నాయన అడ్డంగా తలూపాడు.

"మీ పాప చెప్తాది. చదివించన్నా."

ఎం.టెక్‌లో ఆ మెత్తదనాన్నే పరిశోధనకు తీసుకున్నాను. పూర్తయ్యాక, ధర్మవరంలో కూతురింట్లో ఉంటున్న సార్ దగ్గరికి థీసిస్ తీసుకెళ్లాను.

"కారణం దొరికినాదా?" అని అడిగారు.

"కొంత దొరికింది సార్. మా పిన్నుల్లో ఒక బుట్టే ఎందుకు చెడిందో మాత్రం ఇంకా తెలీదు."

"ఆ మాట రాసినావా?"

"రాశాను సార్."

ఆ పేజీ తీసి చూపించమన్నారు. ఇంగ్లీషు వాక్యాల మీద వేలు పెట్టుకుని, చివరిదాకా మెల్లగా చదివారు.

సార్ ఇప్పుడు లేరు. ఈ పెనుకొండ ఫ్యాక్టరీలో పరీక్షల గది బాధ్యత నాది. లారీ నిండి, పైవాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నప్పుడు 'తెలియలేదు' అని రాయాలంటే ఇప్పటికీ భయమేస్తుంది. అయినా రాసి, కింద నా సంతకం పెడతాను.