నాలుగు గంటల నీళ్లు

ఫ్యాక్టరీల్లో, పెద్ద దుకాణాల్లో మంటలార్పే నీళ్ల గొట్టాలు పనిచేస్తున్నాయో లేదో పరీక్షించి రిపోర్టు రాయడం నా ఉద్యోగం. ధర్మవరంలో పట్టుచీరల షాపులు, పెనుకొండ దగ్గర గోడౌన్లు, హిందూపురంలో కల్యాణ మండపాలు. నెలంతా ఎక్కడో ఒకచోట ఎర్రగొట్టాల పక్కనే ఉంటాను. ఈ పని నేర్చుకోకముందు హిందూపురం బయట ఒక బట్టల ఫ్యాక్టరీలో రెండేళ్లు కాలర్లు కుట్టాను. అది మూతపడిన మూడేళ్లకు, దాన్నే పరీక్షించి రమ్మని మా ఆఫీసు నన్ను పంపింది. ఎవరో అద్దెకు తీసుకోబోతున్నారట, సర్టిఫికెట్ కావాలట.

గేటు దగ్గర వాచ్‌మన్ తాత ఒక్కడే ఉన్నాడు. చిలమత్తూరు వైపు మనిషి. ఫ్యాక్టరీ మూతపడ్డాక కాపలాకు వచ్చినవాడు కాబట్టి నాకు పరిచయం లేదు. నేను ఇక్కడే కుట్టేదాన్నని చెబితే దగ్గరికి వచ్చాడు.

"అట్లయితే నీకు తెలిసుండల్ల మా," అన్నాడు. "లోపల ఎవురన్నా సచ్చిపోయినారా?"

"లేదు తాతా. ఎందుకు అడుగుతున్నావు?"

తాత పోయి పంపు గది తాళం తీశాడు.

మంటల గొట్టాల్లో నీళ్లు ఎప్పుడూ ఒత్తిడితో నిండి ఉండాలి. ఎక్కడైనా తెరిస్తే ఒత్తిడి పడిపోతుంది, వెంటనే చిన్న పంపు తనంతట తానే మొదలవుతుంది. ఎవరూ తెరవనప్పుడు గేజు మీద ముల్లు కదలకూడదు. ఆ పొద్దు ముల్లు ఏడు దగ్గర నిలకడగా ఉంది. నేను అంకె రాసుకున్నాను. పదకొండయింది. ముల్లు వణికి, ఆరు మీదికి, ఐదు మీదికి దిగింది. పంపు గుర్రుమని మొదలైంది.

"దినామూ ఇంతే," అన్నాడు తాత. "పదకొండుకొక తూరి, నాలుక్కొక తూరి. ఎవురో నీళ్లు వాడుకుంటాండారు."

పావుగంట నడిచి పంపు ఆగింది. ముల్లు మళ్లీ ఏడుకెక్కి, ఏమీ జరగనట్టు నిలబడింది.

గొట్టానికి చిల్లి పడితే పొద్దస్తమానం కారుతుంది. గడియారం చూసుకుని కారే చిల్లిని నేను ఎక్కడా చూడలేదు. ఇద్దరం ప్రహరీ వెంట తిరిగి, మంటలప్పుడు పైపు తగిలించే హైడ్రెంట్లు పన్నెండూ చూశాం. మూతల మీద దుమ్ము కదల్లేదు. ఒకదాని నోట్లో సాలెగూడు చెక్కుచెదరకుండా ఉంది. గొట్టం పాతిన దారి పొడుగునా నేల ఎండిపోయి పల్లేరుకాయలు పరుచుకున్నాయి. తడి అన్నది ఎక్కడా లేదు.

"ఈడ కాదు మా," అని తాత కుట్టు హాలు వైపు చెయ్యి చూపాడు. "ఆ టైములో ఆ షట్టరు కాడ నిలబడు. ఆడోళ్లు మాట్లాడుకునేది ఇనపడతాది. శానామంది. ఒక్క మాటా తెలీదు."

"లోపలికి పోయి చూడలేదా?"

"బీగాలు నా తాన లేవు. ఉన్నా పోను."

హాలు తాళంచెవులు నా సంచిలోనే ఉన్నాయి. బెంగళూరు నుంచి ఓనరు పంపినవి. మధ్యాహ్నమంతా బయటి పని ముగించుకుని, నాలుగుకు పది నిమిషాలుందనగా షట్టరు ఎత్తాను. తాత గడప దగ్గరే ఆగిపోయాడు.

మిషన్లన్నీ తీసుకుపోయారు. అవి ఉన్నచోట సిమెంటు మీద బోల్టుల గుర్తులు మిగిలాయి. మూలల్లో దారం ముక్కలు, విరిగిన సుద్ద. నేను గోడల వెంట పోయి హోస్ పైపులుండే పెట్టెలు చూడాలి. కానీ నా కాళ్లు మూడో వరుసలోకి తిరిగి, నా మిషను ఉన్నచోట ఆగాయి.

అప్పుడు పైన గొట్టాలు ఒక్కసారి జలదరించాయి. హాలు చివరి గోడ అవతల సద్దు మొదలైంది.

తాత చెప్పింది అబద్ధం కాదు. అవి మాటలే. మిషన్లు ఆపి మూడు వందల మంది ఒకేసారి లేచినప్పటి గుసగుస, నవ్వు, పిలుపు, అన్నీ కలిసిపోయిన మోత. ఎవరైనా నా పేరు పిలుస్తారేమోనని చెవి రిక్కించాను. వెనక్కి చూస్తే వెలుతురులో తాత నీడ మాత్రమే కనిపించింది. పారిపోవాలనిపించింది. చేతిలో రిపోర్టు పుస్తకం ఉన్నందుకు ముందుకే నడిచాను.

చేతులు కడుక్కునే గది తలుపు తోశాను. పొడవాటి సిమెంటు తొట్టి. దానికి రెండు వైపులా ఇరవై నాలుగు కుళాయిలు. అన్నీ తెరిచి ఉన్నాయి, అన్నిట్లోంచి నీళ్లు విసురుగా కొడుతున్నాయి. ఆ మోత రేకుల కప్పుకు తగిలి తిరిగివస్తోంది. నేలంతా పచ్చటి పాచి. దాని మీద ఒక్క అడుగు జాడ లేదు.

ఆ తొట్టిని చూస్తూ నిలబడ్డాక చివరి రోజు గుర్తొచ్చింది. మేం మిషను వదిలి ఊరికే రాకుండా మేనేజరు ఈ నీళ్లకు టైమర్ పెట్టించాడు. పదకొండుకు, నాలుగుకు ఉండే రెండు టీ బ్రేకుల్లో పావుగంట చొప్పున వచ్చేవి. ఆ రోజు మూడున్నరకు కరెంటు తీసేశారు. మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. రేపటి నుంచి రావద్దని కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పారు. మేం అలవాటుగా ఇక్కడికి వచ్చి కుళాయిలు తిప్పాం. చుక్క రాలేదు. రాని నీళ్లకు కుళాయి మూయాలని ఎవరికీ తోచలేదు. అట్లాగే వెళ్లిపోయాం.

ఆ తర్వాత మంటల పంపు కోసం కరెంటు మళ్లీ ఇచ్చి ఉంటారు. దాంతో, లోపలి బ్యాటరీతో టైము తప్పకుండా ఉన్న టైమరూ లేచింది. గోడ మీది ఎర్రగొట్టం నుంచి ఈ తొట్టికి సన్నటి గొట్టం ఒకటి అతికించి ఉంది. మంటలకు దాచాల్సిన నీళ్లను అట్లా వాడకానికి తీయడం తప్పు. కుట్టే రోజుల్లో అది నాకు తెలియదు.

ఒక్కొక్క కుళాయే మూస్తూ వచ్చాను. కొన్ని బిగుసుకుపోయాయి, రెండు చేతులా తిప్పాల్సి వచ్చింది. మూసిన కొద్దీ మోత సన్నబడింది. మూడు వందల మంది కాస్తా పదిమందయ్యారు, ముగ్గురయ్యారు. కిటికీ పక్క కుళాయి నేను ఎప్పుడూ వాడినది. అది ఒక్కటే మిగిలినప్పుడు ఎవరో ఒకామె తనలో తాను మాట్లాడుకుంటున్నట్టుంది. దాని మీద చెయ్యి వేసి కాసేపు తిప్పలేకపోయాను. తర్వాత తిప్పాను.

బయటికి వస్తే తాత షట్టరు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నిలిచిపాయ," అన్నాడు. "ఎవురు మా ఆడ?"

"మేమే తాతా," అన్నాను. నోటికి అదే వచ్చింది. ఆయన ముఖం చూసి, కూర్చోబెట్టి కుళాయిల సంగతంతా చెప్పాను. తలూపుతూ విన్నాడు కానీ, నాకు కొంచెం ఎడంగా జరిగి కూర్చున్నాడు.

మర్నాడు ప్లంబరును తీసుకొచ్చి ఆ సన్నగొట్టం కోయించి మూత వేయించాను. పదకొండు దాటింది, నాలుగు దాటింది, ముల్లు కదల్లేదు. రిపోర్టులో 'అనధికార కనెక్షన్ తొలగించబడింది' అని ఒక్క ముక్క రాశాను.

వారం తర్వాత సర్టిఫికెట్ ఇవ్వడానికి పోతే గేటు దగ్గర కొత్త మనిషి ఉన్నాడు. తాత పని మానేసి ఊరికి పోయాడట. ఎందుకు మానేశాడని అడిగితే అతను నవ్వాడు.

"ఈడ మరీ సద్దు లేకుండా ఉండాదంట అక్కా. భయమేస్తాదన్నాడు."